ప్లస్ ఆర్ మైనస్ నాలుగు: కాంతి వేగం కొలతల్లో ఒక పదేళ్ళ కథ

ప్రయోగాల చరిత్ర అనగానే మనం జవాబుల గురించి మాట్లాడుకుంటాం. ఎవరు కనిపెట్టారు, ఎంత వచ్చింది, ఎవరికి బహుమతి ఇచ్చారు. ఇవాళ జవాబు గురించి కాకుండా, జవాబు పక్కన రాసే చిన్న గుర్తు గురించి చెప్పాలనుకుంటున్నాను. అదే, ప్లస్ ఆర్ మైనస్. దాని తర్వాత వేసే అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది? దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? దీనికి కాంతి వేగం కొలతలకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1941లో అమెరికాలో, బర్క్‌లీలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రొఫెసరు రేమండ్ బర్జ్, అప్పటిదాకా జరిగిన మంచి కొలతలన్నీ ముందేసుకుని, ఒక్కోదాన్ని మళ్ళీ లెక్కగట్టి, కాంతి వేగం సెకనుకి 2,99,776 కిలోమీటర్లు, ± 4 అని తేల్చాడు. ఇవాళ మనకి తెలిసిన విలువ 2,99,792.458. తేడా పదహారున్నర కిలోమీటర్లు. మూడు లక్షల్లో పదహారున్నర అంటే చాలా చిన్న తప్పు, దానికి ఎవర్నీ తప్పుపట్టక్కర్లేదు. ఆశ్చర్యమల్లా ఆ నాలుగు దగ్గరే. బర్జ్ అల్లాటప్పా మనిషి కాదండి. భౌతికశాస్త్రంలో ప్రాథమిక స్థిరాంకాలకి నమ్మదగ్గ విలువలేమిటో 1929లో పెద్ద వ్యాసంగా రాసినవాడు, జీవితమంతా ఆ పనిమీదే కూర్చున్నవాడు. అలాంటివాడు నాలుగు అన్నచోట పదహారున్నర తప్పింది.

ఆ రోజుల్లో ± తర్వాత రాసేదాన్ని 'ప్రాబబుల్ ఎర్రర్' అనేవాళ్ళు. అసలు విలువ ఆ హద్దుల లోపల ఉండటానికి సగం అవకాశం, బయట ఉండటానికి సగం అవకాశం అని దానర్థం. అంటే, ఒక రెట్టు తప్పడం మామూలే, రెండు రెట్లు తప్పినా తలదించుకోనక్కర్లేదు. నాలుగు రెట్లు దాటడమంటే మాత్రం, లెక్క ప్రకారం వెయ్యింట ఐదారు సార్లు జరగాల్సిన సంగతి. అదృష్టం బాగోలేదు అనుకోవచ్చు. కానీ కాంతి వేగం కొలిచినవాళ్ళ చరిత్ర మొత్తం తిరగేస్తే, ఈ దురదృష్టం ఒక్క బర్జ్‌కే పట్టలేదని తెలుస్తుంది.

ఇంటర్మీడియట్ ఫిజిక్సు చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: యాదృచ్ఛిక దోషాలు, క్రమ దోషాలు అని రెండు రకాలు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, రాసేసి మర్చిపోతాం. యాదృచ్ఛిక దోషం అంటే ఒకసారి కాస్త ఎక్కువ, ఇంకోసారి కాస్త తక్కువ వచ్చేది. ఎక్కువసార్లు కొలిచి సగటు తీస్తే అది తగ్గుతుంది. వంద రీడింగులు తీస్తే పదోవంతు అవుతుంది. క్రమ దోషం అలా కాదు. కిరాణా కొట్లో కాటా దగ్గర తూకపురాయే తక్కువుందనుకోండి. ఒకే బియ్యాన్ని వందసార్లు తూచండి, వెయ్యిసార్లు తూచండి, సగటు తీయండి. మోసం అలాగే ఉంటుంది. పైగా ప్రతిసారీ ఒకటే రావడం చూసి, కాటా భలే నిక్కచ్చిగా ఉందని మనమే మెచ్చుకుంటాం.

సరే, మొదటికి వద్దాం. కాంతికి వేగం ఉందని 1676లో రోమర్ గురుగ్రహం చందమామల గ్రహణాల్ని చూసి చెప్పిన సంగతి, 1849లో ఫిజో పారిస్ దగ్గర 720 పళ్ళ చక్రం తిప్పి భూమ్మీదే కొలిచిన సంగతి చాలామందికి తెలిసినవే. వాటిమీద ఆగను. 1862లో లియోన్ ఫూకో తిరిగే అద్దంతో కొలిచి 2,98,000 ± 500 అన్నాడు. ఇప్పటి విలువతో చూస్తే దాదాపు 1,800 తక్కువ. అంటే, ఆయన రాసుకున్న హద్దుకి మూడున్నర రెట్లు. మొదటి ఉదాహరణలోనే ఇలా ఉంది చూడండి.

తిరిగే అద్దం పద్ధతి చెప్పడానికి తేలిక. వెలుగు ఒక తిరుగుతున్న అద్దం మీద పడి, దూరంగా కదలకుండా ఉన్న ఇంకో అద్దానికి వెళ్ళి, తిరిగొస్తుంది. వచ్చేలోపల మొదటి అద్దం కొంచెం తిరిగిపోయి ఉంటుంది. అందుకని వెలుగు బయల్దేరినచోటికి సరిగ్గా రాదు, కాస్త పక్కకి పడుతుంది. ఎంత పక్కకి పడిందో కొలిస్తే, అద్దం ఎంత వేగంగా తిరుగుతుందో తెలిస్తే, దూరం తెలిస్తే, అయిపోయింది. ఫూకో ప్రయోగంలో వెలుగు నడిచింది ఇరవై మీటర్లు. చుక్క పక్కకి జరిగింది 0.7 మిల్లీమీటరు. అంత చిన్నదాన్ని కొలవడంలో వచ్చే తేడా చిన్నదెలా అవుతుంది?

ఆల్బర్ట్ మైకెల్సన్ చేసిన మేలంతా ఇక్కడే. 1879 నాటికి ఆయనకి 26 ఏళ్ళు, అమెరికా నౌకాదళం అకాడమీలో, అన్నాపొలిస్‌లో, కుర్రాళ్ళకి పాఠాలు చెప్పే ఉద్యోగం. మామగారు ఇచ్చిన 2,000 డాలర్లతో పరికరాలు కొనుక్కుని, సముద్రపు గోడ వెంట ఒక చిన్న షెడ్డు వేయించాడు. రెండద్దాల మధ్య దూరం సుమారు 605 మీటర్లు. అద్దం సెకనుకి దాదాపు 257 చుట్లు. చుక్క 100 మిల్లీమీటర్ల పైనే పక్కకి జరిగింది. ఫూకోకి ఒక మిల్లీమీటరు కూడా రానిచోట ఈయనకి జానెడు దూరానికి సగం వచ్చిందన్నమాట.

ఎండెక్కితే గాలి మరిగినట్టై చుక్క వణుకుతుంది. అందుకని పొద్దున్న సూర్యుడు పొడిచాక ఒక గంట, సాయంత్రం పొద్దుగూకే ముందు ఒక గంట మాత్రమే కొలిచేవాడు. జూన్ 5 నుంచి జూలై 2 దాకా వంద పరిశీలనలు. ఆ వంద అంకెలూ ఆయన అచ్చువేశాడు, ఇవాళ్టికీ స్టాటిస్టిక్స్ చెప్పేవాళ్ళు వాటిని క్లాసులో వాడుకుంటారు. సగటు 2,99,852. విడి అంకెల చెదురు 79 దాకా ఉంది. వంద పరిశీలనలు కాబట్టి పదితో భాగించండి, సగటులో ఉండే యాదృచ్ఛిక దోషం 8 లోపు. ఇక్కడితో ఆగిపోయి ± 8 అని రాసేసేవాళ్ళు చాలామంది ఉంటారు. మైకెల్సన్ అలా రాయలేదు.

ఏం చేశాడంటే, తూకపురాళ్ళు ఒక్కొక్కటీ తీసి చూశాడు. మనం కూడా ఒకసారి వేసి చూద్దాం, ఇదే ఈ కథలో నాకు నచ్చిన భాగం. వేగంలో 50 కిలోమీటర్ల తేడా అంటే ఆరువేలలో ఒక వంతు. మరి ఆరువేలలో ఒక వంతు ఎక్కడెక్కడ పోవచ్చు? 605 మీటర్ల దూరంలో పది సెంటీమీటర్లు. అది పోదు, ఉక్కు టేపుతో జాగ్రత్తగా కొలిచి, ఆ టేపుని మళ్ళీ ప్రామాణిక గజంతో పోల్చి చూసుకున్నాడు. 257 చుట్ల అద్దంలో చుట్టులో ఇరవై నాలుగో వంతు. దాన్ని శ్రుతిదండంతో, అంటే ట్యూనింగ్ ఫోర్క్‌తో, సరిచూశాడు. కానీ ఫోర్క్ ఎండకి కాస్త మందగిస్తుంది, కాబట్టి ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి. ఇక చుక్క పక్కకి జరిగిన దూరంలో మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అది మైక్రోమీటర్ స్క్రూ మీద ఆధారపడ్డ సంగతి, స్క్రూ మర ఎంత సమంగా ఉందో పరీక్షించాలి. చూసే మనిషి కన్ను కూడా ఒక పరికరమే కదా, అందుకని వేరేవాళ్ళతో కూడా రీడింగు తీయించాడు. ఈ దోషాలన్నీ ఖర్మకాలి ఒకేవైపు కలిసొస్తే ఎంతవుతుందో లెక్కేసి, దానికి రీడింగుల చెదురు కలిపి, శూన్యంలో వేగం 2,99,944 ± 51 అన్నాడు.

ఒక కుర్ర అధికారి, సొంత డబ్బుతో, ఇంత నిజాయితీగా రాసిన అనిశ్చితి ఇది. అయినా అసలు విలువకి 150 కిలోమీటర్లు దూరంలో పడింది. తర్వాత సవరణల్లో జరిగిన తేడాని సరిచేసి 2,99,910 ± 50 అన్నాడు, అప్పుడూ 118 ఎక్కువే. గమనించండి: ± 8 అని ఉంటే పదిహేను రెట్లకి పైగా తప్పేది, ± 51 అన్నాడు కాబట్టి మూడు రెట్లే తప్పింది. తనకి తెలిసిన ప్రతి తూకపురాయినీ చూశాడు. తెలియనిది ఇంకొకటేదో ఉంది. ± తర్వాత వేసే అంకెలో మనకి అనుమానం వచ్చినవే ఉంటాయి. అనుమానమే రానిది అందులోకి ఎలా ఎక్కుతుంది?

అప్పుడే అమెరికా ప్రభుత్వ ఖర్చుతో సైమన్ న్యూకంబ్ కూడా ఇదే పనిలో ఉన్నాడు. పేరుమోసిన ఖగోళశాస్త్రజ్ఞుడు. పోటోమాక్ నది పక్కన ఫోర్ట్ మేయర్ నుంచి వాషింగ్టన్ స్మారక స్తంభం మొదట్లో పెట్టిన అద్దం దాకా 3,721 మీటర్లు. ఆయన విషయంలో జరిగింది వింటే మీకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. కొన్ని వరసల కొలతల్లో ఏదో స్థిరమైన దోషం ఉందని ఆయనకి అనుమానం వచ్చింది. ఆ వరసలు పక్కనపెట్టి, శుభ్రంగా ఉన్నాయనుకున్నవాటితోనే 2,99,860 ± 30 అని చెప్పాడు. అన్నీ కలిపితే 2,99,810 వస్తుందని కూడా అక్కడే రాశాడు. ఇవాళ్టి విలువకి దగ్గరగా ఉన్నది ఆ రెండోది! దోషం ఉందనుకుని తీసేసినవే నిజానికి లాగి దగ్గరికి తెస్తున్నాయి. అలాగని న్యూకంబ్ చేసింది తప్పనను. కారణం చూపించి తీశాడు, తీసినవాటినీ దాచలేదు. అందుకే కదా మనం ఇవాళ మాట్లాడుకోగలుగుతున్నాం.

మైకెల్సన్ ఈ పని వదల్లేదు. 1907లో నోబెల్ వచ్చింది, విజ్ఞానశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి అమెరికన్. అరవై దాటి, డెబ్భై దాటి, మళ్ళీ కాంతి వేగానికే వచ్చాడు. 1920లలో కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్ మీద తిరిగే అద్దం, 35 కిలోమీటర్ల అవతల మౌంట్ శాన్ ఆంటోనియో దగ్గర ఎదుటి అద్దం. మధ్యలో లోయ. ఆ దూరాన్ని కొలవడానికి అమెరికా తీర, భూ సర్వే సంస్థే దిగింది. 1926లో వచ్చిన జవాబు 2,99,796 ± 4. అసలు విలువకి మూడున్నర మాత్రమే తేడా, ఈసారి హద్దులోపలే పడింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. 1926లోనే మంచి జవాబు చేతిలో ఉంది.

మైకెల్సన్‌కి మాత్రం తృప్తి లేదు. మధ్యలో 35 కిలోమీటర్ల గాలి ఉంది, దాని ఉష్ణోగ్రత, ఒత్తిడి కొండమీద రెండు చివరలా చూస్తాం గానీ మధ్యలో ఎవరు చూశారు? ఆ అనుమానం న్యాయమైనదే. గాలి లేకుండా చేద్దామని శాంటా ఆనా దగ్గర ఇర్వైన్ వారి పొలాల్లో మైలు పొడవు ఉక్కు గొట్టం వేయించి, అందులోంచి గాలి తోడించాడు. 1931 మే నెలలో, పని మొదట్లో ఉండగానే, పోయాడు. పీజ్, పియర్సన్ అనే ఇద్దరు దాన్ని పూర్తిచేశారు. దాదాపు 2,900 రీడింగులు, రెండేళ్ళు. సగటు 2,99,774, విడి రీడింగుల చెదురు సగటున 11.

ఇప్పుడు లెక్క చూడండి. పదకొండుని 2,900 వర్గమూలంతో, అంటే సుమారు 54తో భాగిస్తే 0.2 వస్తుంది. పుస్తకం ప్రకారం ఆ సగటు 0.2 కిలోమీటర్ల లోపు ఖచ్చితం! అసలు తప్పు 18. అంత నమ్మకంగా వాళ్ళూ చెప్పలేదు లెండి, ఎందుకంటే అంకెలు రోజుని బట్టి, కాలాన్ని బట్టి మెల్లగా పైకీ కిందికీ పోతూ ఉన్నాయి, సముద్రపు ఆటుపోట్లతో సంబంధం ఉందేమోనని కూడా వెతికారు. కారణం తేలలేదు. గాలి అనే దోషాన్ని తీసేద్దామని గొట్టం వేస్తే, ఇంకేదో దోషం ఆ గొట్టంతో పాటు లోపలికొచ్చింది.

అసలు కథ ఇక్కణ్ణుంచి మలుపు తిరుగుతుంది. తర్వాత పదేళ్ళలో జరిగిన కొలతలు వరసగా చూడండి. జర్మనీలో మిట్టెల్‌స్టాట్ అప్పటికే 1928లో 2,99,778 అన్నాడు. మైలు గొట్టం 2,99,774. హార్వర్డ్‌లో విల్మర్ ఆండర్సన్ 1937లో 2,99,771, జర్మనీలో హ్యూటెల్ 1940లో 2,99,768, మళ్ళీ ఆండర్సన్ 1941లో 2,99,776. వేరే వేరే దేశాలు, వేరే వేరే మనుషులు. అన్నీ పది కిలోమీటర్ల లోపు కలిశాయి. ఇంతమంది ఒకటే చెబుతుంటే అనుమానించేదెవరు? 1926 నాటి 2,99,796 ఒంటరిగా మిగిలిపోయింది. బర్జ్ తన సగటులో దానికి తక్కువ బరువిచ్చాడు, మైలు గొట్టానికీ ఆండర్సన్‌కీ ఎక్కువ బరువిచ్చాడు. ± 4 అనేది అలా పుట్టింది.

ఇప్పుడు మన కళ్ళతో చూస్తే రెండు సంగతులు కనిపిస్తాయి. మొదటిది: మిట్టెల్‌స్టాట్, హ్యూటెల్, ఆండర్సన్, ముగ్గురూ వాడింది కెర్ సెల్. అంటే, విద్యుత్తుతో కాంతిని సెకనులో లక్షలసార్లు ఆర్పి వెలిగించే ఒక తరహా తలుపు. తిరిగొచ్చిన కాంతిని పట్టుకోవడానికి ఆండర్సన్ ఫోటోసెల్ పెట్టాడు. వెలుగు ఆ ఫోటోసెల్ మీద ఒక్కోసారి ఒక్కోచోట పడితే, లోపల ఎలక్ట్రాన్లు అవతలికి చేరడానికి పట్టే కాలం మారుతుంది. ఆయనకి ఈ బెడద తెలుసు, దాన్నే పెద్ద దోషంగా రాసుకున్నాడు కూడా. ముగ్గురు సాక్షులు అనుకున్నాం గానీ, ముగ్గురూ ఒకే ఊరివాళ్ళన్నమాట. రెండోది కాస్త సున్నితమైన సంగతి, మన కాలేజీ ల్యాబుల్లోంచే చెబుతాను.

డిగ్రీలో గ్రేటింగ్‌తోనో న్యూటన్ వలయాలతోనో సోడియం కాంతి తరంగదైర్ఘ్యం కొలిచే ప్రయోగం ఉంటుంది కదా. జవాబు 5893 ఆంగ్‌స్ట్రామ్ అని ప్రయోగం మొదలుపెట్టకముందే ల్యాబులో అందరికీ తెలుసు. ఎవరికైనా 6100 వస్తే ఏంచేస్తారు? వెర్నియర్ మళ్ళీ చూస్తారు, స్పెక్ట్రోమీటర్ బల్లమట్టం చూస్తారు, పక్కవాణ్ణి అడుగుతారు, తప్పు దొరికేదాకా వెతుకుతారు. మొదటిసారే 5890 వచ్చినవాడు? రికార్డు మూసేసి క్యాంటీన్‌కి వెళ్తాడు. అతని పరికరంలో రెండు దోషాలుండి, ఒకటి పైకీ ఒకటి కిందికీ లాగి, సరిపోయి ఉండొచ్చు. వెతికేదెవరు? ఇందులో దొంగ లెక్కలేమీ లేవు. అంకె మార్చలేదు, రీడింగు కొట్టేయలేదు. వెతకడం ఎక్కడ ఆపాలన్నది మాత్రం ముందే తెలిసిన జవాబు నిర్ణయించింది. 1930లలో పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో జరిగింది కూడా ఇలాంటిదే అయ్యుంటుందని నా ఉద్దేశం. గొర్రెదాటు అంటే కొంచెం మొరటుగా ఉంటుంది గానీ, అంతకంటే సరైన మాట నాకు తోచడం లేదు.

మధ్యలో ఒక విచిత్రం. 1870ల నుంచి వరసగా చూస్తే అంకెలు తగ్గుతూ వస్తున్నాయి కదా, ఘ్యూరీ ద బ్రే అనే ఆయన కాంతి వేగమే నిజంగా తగ్గుతోందేమో అని 'నేచర్' పత్రికలో రాశాడు. 1934లో ఎడ్మండ్సన్ ఇంకో అడుగు వేసి, తగ్గడం కాదు, నలభై ఏళ్ళ ఆవృత్తితో ఊగుతోందేమో అన్నాడు. ఇవాళ నవ్వుకుంటాం. కానీ పక్కన రాసిన ± అంకెల్ని అక్షరాలా నమ్మితే, వాళ్ళు చెప్పింది అంత తెలివితక్కువ మాట కాదు. 2,99,910 ± 50 నిజమై, 2,99,774 ± 11 కూడా నిజమైతే, వేగం మారిందనుకోవడం తప్ప దారేముంది? విశ్వాన్ని అనుమానించడం కంటే ఆ చిన్న గుర్తుని అనుమానించడం మంచిదని వాళ్ళకి తట్టలేదు, అంతే.

తట్టినవాడు ఒకడున్నాడు. ఎర్నెస్ట్ డోర్సీ, అమెరికా ప్రమాణాల బ్యూరోలో పనిచేసినవాడు. 1944లో కాంతి వేగం కొలతలన్నిటినీ ఒక్కొక్కటి విప్పి, ఎవరు ఏ దోషాన్ని వెతికారు, ఏది వెతక్కుండా వదిలేశారు అని నిర్మొహమాటంగా రాశాడు. వేల రీడింగుల సగటు క్రమ దోషాన్ని ఏమీ చేయలేదని, పరిస్థితులు మార్చి మార్చి చూడందే అది బయటపడదని ఆయన వాదన. చక్కటి వాదన. చివర ఆయన తేల్చిన విలువ ఎంతో తెలుసా? 2,99,773 ± 10. అందరి లోపాలూ చెప్పినవాడు కూడా అదే గుంటలో పడ్డాడు. కాకపోతే హద్దు నాలుగు కాదు, పది అన్నాడు. ఆ మర్యాద ఆయనకి దక్కాలి.

దీన్ని విడగొట్టింది కాంతి ప్రయోగం కాదు, మైక్రోవేవులు. ఇంగ్లండులో టెడింగ్టన్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో లూయీ ఎస్సెన్, గోర్డన్-స్మిత్ అనే ఇద్దరు యుద్ధకాలంలో రాడార్ పనిలో ఉన్నవాళ్ళు. ఎస్సెన్‌కి ఫ్రీక్వెన్సీ కొలవడంలో చెయ్యి తిరిగింది. రాగి డబ్బాలాంటి బోలు స్తూపంలో రేడియో తరంగాన్ని నిలబెట్టి, డబ్బా కొలతలు మిల్లీమీటరులో వేల వంతుల దాకా చూసి, ఫ్రీక్వెన్సీ కొలిచి గుణించారు. దూరం వెళ్ళి రావడం లేదు, తిరిగే అద్దం లేదు, ఫోటోసెల్ లేదు, గాలి లేదు. పాత తూకపురాయి ఒక్కటీ లేదన్నమాట. 1946 ప్రయోగంలో జవాబు 2,99,792 ± 9. అందరూ ఒప్పుకున్న విలువకి 16 ఎక్కువ.

అప్పుడు ఆయనకి దొరికింది మెచ్చుకోలు కాదు. పద్ధతి ఇంకా బాగుపడితే సరైన జవాబు వస్తుందిలే అన్నట్టు మాట్లాడినవాళ్ళు ఉన్నారని ఎస్సెన్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. అంటే సరైన జవాబు ముందే ఉంది, ఈయనే ఇంకా అక్కడికి చేరలేదని. ఎస్సెన్ డబ్బా మార్చి, కొత్తగా చేసి, 1950లో 2,99,792.5 ± 3 అన్నాడు. పద్ధతి బాగుపడింది, జవాబు మాత్రం కదల్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో వైపు నుంచి సాక్ష్యం వచ్చింది. అమెరికా సర్వే సంస్థలో కార్ల్ ఆస్లాక్సన్ విమానాల్లో షోరాన్ అనే రాడార్ పద్ధతితో దూరాలు కొలుస్తున్నాడు. నేలమీద త్రికోణాలు గీసి కొలిచిన దూరాలతో పోల్చి చూస్తే రాడార్ దూరాలు ఎప్పుడూ ఒకేవైపు తేడాగా వస్తున్నాయి. రాడార్ కొలిచేది కాలం. దాన్ని దూరంగా మార్చేది కాంతి వేగం. 2,99,776 వాడితే ప్రతి 500 కిలోమీటర్లకీ 27 మీటర్లు తక్కువ చూపిస్తుంది. నావికుడు నమ్ముకునే దూరం అది, పటాలు గీసేవాడు నమ్ముకునే దూరం అది. పరికరం తప్పు కాదు, వేగమే తప్పు అని ఆస్లాక్సన్ తిరగేసి లెక్కేస్తే 1949లో 2,99,792.4 వచ్చింది. స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రాండ్ మళ్ళీ కాంతితోనే, మళ్ళీ కెర్ సెల్‌తోనే, అయితే దోషం ఎక్కడ దాక్కుంటుందో తెలిసి కట్టిన పరికరంతో, 2,99,793 దగ్గర తేల్చాడు. మూడు దారులు, మూడు రకాల పరికరాలు, అప్పుడు గానీ బర్జ్ విలువ పక్కకి తప్పుకోలేదు. 1957లో రేడియో శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం 2,99,792.5ని ఒప్పుకుంది. మైకెల్సన్ కొండల మధ్య కొలిచిన 2,99,796 ముప్పై ఏళ్ళ తర్వాత గౌరవంగా మళ్ళీ బల్లమీదికొచ్చింది.

1986లో హెన్రియన్, ఫిష్‌హాఫ్ అనే ఇద్దరు ఈ పాత కొలతలన్నీ వరసగా పేర్చి, శాస్త్రజ్ఞులు తమ అనిశ్చితిని ఎప్పుడూ తక్కువే వేసుకున్నారని చూపించారు. అసలు విలువ హద్దు దాటి బయట పడటం, పడాల్సినదానికంటే చాలా ఎక్కువసార్లు జరిగింది. ఈలోగా ప్రమాణాల సంస్థలు కూడా మేలుకున్నాయి. 1993లో కొలతల అనిశ్చితికి ఒక అంతర్జాతీయ మార్గదర్శిక వచ్చింది. అందులో దోషాల్ని యాదృచ్ఛికం, క్రమం అని విడదీయడం మానేసి, అనిశ్చితిని ఎలా తెలుసుకున్నామన్నదాన్ని బట్టి టైప్ ఎ, టైప్ బి అన్నారు. పదే పదే కొలిచి, రీడింగుల చెదురు నుంచి తెలుసుకున్నది ఎ. మిగతా దారుల్లో, అంటే పరికరం సర్టిఫికెట్, పాత అనుభవం, పట్టికల్లో విలువలు, ఇలా తెలుసుకున్నది బి. రెండిటికీ సమాన గౌరవమే, చివర రెండూ కలుస్తాయి. మైకెల్సన్ 1879లో టేపుకి ఇంత, ఫోర్క్‌కి ఇంత, స్క్రూకి ఇంత అని రాసిన పట్టిక చూస్తే, ఆ పేరు లేదు గానీ పని మాత్రం టైప్ బి పనే. మన కాలేజీ రికార్డుల్లో చివర 'జాగ్రత్తలు' అని రాస్తాం చూడండి, పారలాక్స్ లేకుండా చూడవలెను, బల్లమట్టం సరిచేయవలెను అని. అందులో ఒక్కో జాగ్రత్త పక్కన అంకె వేసి, ఇది తప్పితే జవాబు ఇంత కదులుతుంది అని రాయిస్తే అదే టైప్ బి పట్టిక అయిపోతుంది. నాకు తెలిసి రాయించేవాళ్ళు తక్కువ.

ఇక చివరి మజిలీ. 1972లో అమెరికాలో బౌల్డర్‌లో ఎవెన్సన్ బృందం లేజర్ ఫ్రీక్వెన్సీనీ తరంగదైర్ఘ్యాన్నీ విడివిడిగా కొలిచి 2,99,792.4562 కిలోమీటర్లు అని చెప్పింది, అనిశ్చితి సెకనుకి 1.1 మీటరు. కిలోమీటరు కాదు, మీటరు. అక్కడికొచ్చేసరికి కొత్త చిక్కు వచ్చిపడింది. ఆ కొలతలో మిగిలిన అనిశ్చితిలో పెద్ద వాటా కాంతిది కాదు, మీటరుది. అప్పట్లో మీటరు అంటే క్రిప్టాన్ దీపం నుంచి వచ్చే ఒక నారింజ రంగు కాంతి తరంగాలు ఇన్ని అని నిర్వచనం. ఆ రంగు గీత లేజర్ అంత సన్నగా ఉండదు. తూకపురాయి కంటే కాటా నిక్కచ్చిగా తయారైంది.

అందుకని 1983 అక్టోబరులో తూనికల, కొలతల మహాసభ మొత్తం తిరగేసింది. కాంతి వేగం సెకనుకి 29,97,92,458 మీటర్లు, ఇక మారదు. సెకనులో అన్నో వంతు కాలంలో కాంతి వెళ్ళే దూరమే మీటరు. దాంతో కాంతి వేగం పక్కన ± అనేది లేకుండా పోయింది. అది ఎక్కడికీ పోలేదు, పొడవులోకి మారింది. ఇవాళ ఏ కాలేజీలోనైనా తిరిగే అద్దం పెట్టి, అద్దాల మధ్య దూరం టేపుతో కొలిచి, కాంతి వేగం ప్రయోగం చేసి 3,01,000 ± 2,000 అని రాస్తే, ఆ విద్యార్థి నిజానికి కొలిచింది కాంతిని కాదు. తన టేపునీ, తన మోటారు వేగం చూపించే మీటర్నీ, తన కంటినీ. రికార్డులో హెడ్డింగు మాత్రం ఇంకా 'కాంతి వేగం కనుగొనుట' అనే ఉంటుంది.